చిన్న ట్రాక్టర్, దాని పనిముట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా వాటి సారం ఒకటే: కొంత స్థలం ఉంది, చేతులతో తెమలని పని ఉంది, చిన్న ట్రాక్టర్ కొనాలని ఉంది, కానీ ఏది కొనాలో తేలడం లేదు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాకు ఐదెకరాల స్థలం ఉంది. ఒకటిన్నర ఎకరంలో చెట్లు, మిగిలినదంతా గడ్డి, మధ్యలో కంకర దారి, ఏడాదికోసారి కొద్దిపాటి దుక్కి. ఒకరు 25 హార్స్‌పవర్ చాలంటారు, మరొకరు 45కు తగ్గితే తరువాత బాధపడతారంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి, ఏడాదిలో ట్రాక్టర్‌తో చేయించదలచిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క పని పక్కన అది ఎన్ని గంటల పనో కూడా వేయండి. మీ లెక్క నేనే వేసి చూశాను. 1.2 మీటర్ల వెడల్పు స్లాషర్‌తో, అంటే ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోసే పనిముట్టుతో, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో కోస్తే, మలుపులకూ, కోసిన చాలు మీదికి మళ్లీ కాస్త ఎక్కించి వెళ్లడానికీ పోగా, గంటకు ఎకరానికి కొంచెం పైగా తెగుతుంది. మూడున్నర ఎకరాల గడ్డికి మూడు గంటలు పడుతుంది కాబట్టి, ఏడాదిలో ఇరవై సార్లు కోసినా అది 60 గంటల పని. దారి చదునుకు పది గంటలు, దుక్కికి ఆరేడు గంటలు వేసుకుందాం. అంటే మీరు కొంటున్నది ప్రధానంగా గడ్డి కోసే యంత్రం, ట్రాక్టర్ దాన్ని మోసి తిప్పే వాహనం మాత్రమే. ఆరు గంటల దుక్కి కోసం 45 హార్స్‌పవర్ కొని, మిగిలిన 70 గంటలూ చెట్ల మధ్య దాన్ని తిప్పలేక అవస్థపడటం తెలివైన బేరం కాదు. ఆ దుక్కిని అద్దె ట్రాక్టర్‌తో చేయించుకుంటే సరిపోతుంది.

ఇక శక్తి సంగతి. బానెట్ మీద రాసే అంకె ఇంజనుది, పనిముట్టుకు అందేది పీటీఓ దగ్గరి శక్తి. పీటీఓ అంటే ట్రాక్టర్ వెనక తిరుగుతూ పనిముట్టును నడిపే ఇరుసు. గేర్లలోనూ, హైడ్రాలిక్ పంపులోనూ కొంత పోగా, 25 హార్స్‌పవర్ ఇంజను నుంచి పీటీఓకు 20, 22 మధ్య చేరుతుంది. గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ బండి అయితే ఇంకొంచెం తగ్గుతుంది. మామూలు గడ్డికి స్లాషర్ వెడల్పులో అడుగుకు 5 హార్స్‌పవర్ చొప్పున, రోటవేటర్‌కు నేల గట్టిదనాన్ని బట్టి అడుగుకు 5 నుంచి 7 చొప్పున పీటీఓ శక్తి కావాలన్నది పనికొచ్చే మోటు లెక్క. ఆ లెక్కన మీకు నాలుగడుగుల స్లాషర్ సరిగ్గా సరిపోతుంది, నాలుగడుగుల రోటవేటర్ మెత్తని నేలలో నడుస్తుంది, గట్టి నేలలో ఒకే చాలులో కాక రెండు విడతలుగా లోతు పెంచుకుంటూ దున్నవలసి వస్తుంది. పనిముట్టు వెడల్పు వెనక చక్రాల బయటి అంచులను దాటి ఉండాలన్న మాట కూడా మరచిపోవద్దు. లేకపోతే దున్నిన మట్టిని మీ చక్రమే తిరిగి అణగదొక్కుతుంది.

హార్స్‌పవర్ కన్నా నేను ముందు అడిగే అంకెలు రెండున్నాయి. మొదటిది బండి బరువు. నేలను పట్టుకుని లాగేది బరువే. ఒకే ఇంజనున్న రెండు ట్రాక్టర్లలో 200 కిలోలు ఎక్కువున్నది దుక్కిలోనూ, ముందు బకెట్‌తో మట్టి ఎత్తే లోడర్ పనిలోనూ నిలబడుతుంది, తేలికైనది చక్రాలు జారుతూ గుంత చేసుకుంటుంది. అయితే పచ్చిక మీద ఎప్పుడూ తిరిగే బండికి ఆ బరువే శత్రువు. రెండోది వెనక హైడ్రాలిక్ ఎత్తే బరువు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె తరచుగా లోయర్ లింకుల, అంటే పనిముట్టును ఎత్తే కింది రెండు చేతుల, చివరి గుండ్ల దగ్గర కొలిచింది. పనిముట్టు బరువు అక్కడ ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. అందుకే గుండ్లకు 610 మిల్లీమీటర్ల వెనక ఎంత ఎత్తగలదో విడిగా ఇస్తారు. చాలా బండ్లలో ఈ రెండో అంకె మొదటిదానికన్నా నాలుగో వంతో, మూడో వంతో తక్కువ. అమ్మేవారిని అడగవలసింది దాని గురించే, పనిముట్టు బరువుతో పోల్చవలసిందీ దాన్నే.

మీ స్థలానికి నా సలహా 24 నుంచి 28 హార్స్‌పవర్ మధ్య, తన తరగతిలో కొంచెం బరువైన, నాలుగు చక్రాలూ లాగే బండి. కొనేముందు మీ చెట్ల వరుసల మధ్య దూరాన్నీ, కొమ్మలు ఎంత కిందికి ఉన్నాయో ఆ ఎత్తునూ టేపుతో కొలిచి తీసుకెళ్లండి. బండి బోల్తాపడినా మనిషిని కాపాడే రక్షణ కమ్మీతో కలిపి దాని ఎత్తు ఎంతో చాలామంది ఇంటికి తెచ్చుకున్నాక గాని చూడరు.

ప్రశ్న: గేర్ల బండా, హైడ్రోస్టాటిక్ బండా?

జవాబు: మీ కాలు నిమిషానికి ఎన్నిసార్లు దిశ మార్చాలన్నదాన్ని బట్టి. లోడర్‌తో మట్టి ఎత్తి పోసేటప్పుడు ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు నిమిషానికి నాలుగైదు సార్లు మారాలి. చెట్ల చుట్టూ గడ్డి కోసేటప్పుడూ అంతే. హైడ్రోస్టాటిక్ బండిలో పెడల్ మీద కాలి ఒత్తిడితోనే దిశా, వేగమూ మారతాయి, క్లచ్ తొక్కే పని లేదు, పీటీఓ వేగం తగ్గకుండానే బండిని నత్తనడకకు దించవచ్చు. గడ్డి ఒత్తుగా ఉన్న చోట ఇది వరంలాంటిది. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఆయిల్‌ను పంపు తోసే క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. గంటల తరబడి ఒకే దిశలో నాగలి లాగే పనికి ఆ నష్టం భారమవుతుంది. అక్కడ గేర్లే మేలు. రెండింటి మధ్య రకంగా, గేరు మార్చకుండా ఒక లివర్‌తోనే ముందుకూ వెనక్కీ మార్చే షటిల్ బండ్లు ఉన్నాయి. సగం దుక్కి, సగం లోడర్ పని ఉన్నవారికి నేను సూచించేది వాటినే. హైడ్రోస్టాటిక్ తీసుకుంటే ఆయిల్, ఫిల్టర్ల మార్పును వాయిదా వేయకండి. గేర్‌బాక్సు ఓర్చుకున్నంత మురికిని ఆ పంపు ఓర్చుకోదు.

ప్రశ్న: నాలుగు చక్రాలూ లాగే బండి అవసరమా? టైర్లు ఏ రకం?

జవాబు: వాలు గానీ, తడి నేల గానీ, లోడర్ గానీ ఉంటే అవసరమే. దున్నే పొలానికి లోతైన గాడులున్న టైర్లు, పచ్చిక మీదికి చదునైన టర్ఫ్ టైర్లు, అన్నీ కొంచెం కొంచెం ఉంటే మధ్యస్థంగా ఉండే ఇండస్ట్రియల్ టైర్లు. పొడి గట్టి దారి మీద మాత్రం ముందు చక్రాల లాగుడును తీసివేయండి. ముందు చక్రాలు వెనకవాటికన్నా కొంచెం వేగంగా తిరిగేలా అమరుస్తారు కాబట్టి, జారడానికి చోటులేని నేల మీద ఆ తేడా అంతా గేర్లకే తగులుతుంది.

ప్రశ్న: ముందు లోడర్ కూడా తీసుకొమ్మంటున్నారు. అది నిజంగా అవసరమా, ఆడంబరమా?

జవాబు: ఎరువు, కంకర, కట్టెలు, రాళ్లు నెలకు రెండుమూడు సార్లైనా కదిపేవారికి అది నడుమును కాపాడే పనిముట్టు. అలా కాకపోతే ఏడాది పొడవునా చెట్లకు తగులుతూ తిరిగే ఇనుము. తీసుకుంటే, తేలికగా విప్పి పక్కన పెట్టగలిగే రకం తీసుకోండి.

లోడర్ ఎత్తే బరువును కూడా రెండు చోట్ల కొలుస్తారు: చేతుల చివరి పిన్నుల దగ్గర, బకెట్ మధ్యలో. మీకు కావలసింది రెండోది. ఇక బకెట్‌లోకి వచ్చేదెంతో చూడండి. చిన్న బకెట్టే, ఘనమీటరులో ఐదో వంతు పడుతుందనుకుందాం. తడిమట్టి ఘనమీటరు 1,800 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి ఆ బకెట్ నిండితే 360 కిలోలు, పైన బకెట్ బరువు వేరే. ఇదంతా ముందు ఇరుసుకు కూడా అవతల వేలాడుతూ, ఆ ఇరుసునే ఆధారం చేసుకుని వెనక చక్రాలను పైకి లేపాలని చూస్తుంది.

నాకు ఇది పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. లోడర్ కొన్న తొలి నెలలో, వెనక ఏమీ తగిలించకుండా, తడిమట్టి నిండిన బకెట్‌ను ఛాతీ ఎత్తుకు లేపి, కొంచెం వాలుగా ఉన్న చోట బండిని పక్కకు తిప్పాను. సీటు కింద ఏదో మెల్లగా జరిగినట్టనిపించి వెనక్కి తిరిగి చూస్తే, పైవైపు వెనక చక్రం నేలకు జానెడు ఎత్తున గాలిలో తిరుగుతోంది. లివర్ నెట్టి బకెట్‌ను నేలకు దించేశాను, చక్రం మళ్లీ కూర్చుంది. ఆ రోజుకు పని చాలించాను. అప్పటి నుంచి వెనక బరువు లేకుండా లోడర్ లివర్ ముట్టుకోలేదు.

ఆ వెనక బరువు గురించి ఒక తేడా తెలుసుకోవాలి. వెనక టైర్లలో వాల్వును పైకి తిప్పి ఆ మట్టం దాకా, అంటే సుమారు నాలుగింట మూడు వంతులు, నీళ్లు నింపితే బండి గట్టిగా కూర్చుంటుంది. నీళ్లు గడ్డకట్టే చలి ఉన్న చోట్ల గడ్డకట్టని ద్రవం వాడాలి. కానీ ఆ బరువు చక్రాల మీదే ఉంటుంది గనుక ముందు ఇరుసు మీది భారాన్ని తగ్గించదు. త్రీ పాయింట్ లింకులకు, అంటే పనిముట్లు తగిలించే వెనక మూడు చేతులకు, కాంక్రీటు దిమ్మెనో, నేల చదును చేసే పెట్టెలాంటి బరువైన బాక్స్ బ్లేడునో తగిలిస్తే, అది వెనక ఇరుసుకు అవతల వేలాడుతూ తక్కెడలో రెండో పళ్లెంలా పనిచేసి, ముందు ఇరుసు మీది భారాన్ని కొంత వెనక్కి లాగుతుంది. లోడర్ పనికి రెండోదే ముఖ్యం.

బకెట్‌తో వాలు దిగేటప్పుడు మరో ప్రమాదం ఉంది. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు బరువు పెరిగి వెనక చక్రాలు తేలికైతే, తొక్కిన బ్రేకు పట్టదు. ముందు చక్రాల లాగుడును వేసి ఉంచితే ఆ బ్రేకు గేర్ల ద్వారా ముందు చక్రాలకూ అందుతుంది. కాబట్టి వాలులో అది వేసే ఉండాలి, బకెట్ మోకాలి కన్నా కిందే ఉండాలి. రక్షణ కమ్మీని నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోండి. కొమ్మల కింద దూరడానికి కమ్మీని మడిచినప్పుడు మాత్రం బెల్టు తీసేయాలి. పక్కకు దూకే అవకాశాన్ని అప్పుడు బెల్టే పోగొడుతుంది. ఈ కమ్మీని కొత్త ట్రాక్టర్లన్నింటికీ తప్పనిసరి చేసిన తొలి దేశాల్లో స్వీడన్ ఒకటి. అక్కడ ఆ నియమం 1959లోనే వచ్చింది. పాత బండికి అది లేకపోతే, పనిముట్ల కన్నా ముందు దానికి డబ్బు పెట్టండి.

ప్రశ్న: మొదట ఏ పనిముట్లు కొనాలి? కంకర దారిని బ్లేడుతో ఎన్నిసార్లు చదును చేసినా వానకు మళ్లీ అవే గుంతలు తేలుతున్నాయి. గుంతలు తవ్వే ఆగర్ కూడా గట్టి నేలలో దిగడం లేదు.

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. వెనక హైడ్రాలిక్ పనిముట్టును లేపుతుందే గాని, కిందికి నొక్కదు. చాలా ట్రాక్టర్లలో లివర్ దించితే పనిముట్టు తన బరువుతో తాను దిగుతుంది, అంతే. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించి, 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో విస్తృతంగా జనంలోకి వెళ్లిన ఈ త్రీ పాయింట్ అమరిక గొప్పతనం నొక్కడంలో లేదు. నాగలి మీద పడే నేల ప్రతిఘటనను లింకుల ద్వారా వెనక చక్రాల మీది బరువుగా మార్చి పట్టు పెంచడంలో ఉంది. ఆ మూడు చేతుల్లో పైదైన టాప్ లింకు ట్రాక్టర్ ముందు భాగం పైకి లేవకుండా ఆపుతుంది. కాబట్టి తేలికపాటి బ్లేడు గట్టి కంకర మీద జారిపోతుంది, తేలికపాటి ఆగర్ గట్టి నేల మీద తిరుగుతూ నునుపు చేస్తుంది.

దారికి పళ్లున్న బరువైన బాక్స్ బ్లేడు తీసుకోండి. గుంతలోకి పై కంకర తోసి నింపితే అది వదులుగా కూర్చుని తొలి వానకే బయటికి వస్తుంది. పళ్లను గుంత అడుగు దాకా దించి, ఆ లోతున దారి వెడల్పంతా చీల్చి, తరువాత పళ్లు పైకి తీసి పరిచి అణిచినప్పుడే గుంత చచ్చిపోతుంది. టాప్ లింకును పొట్టి చేస్తే పళ్లు లోతుకు పోతాయి, పొడుగు చేస్తే వెనక అంచు మట్టిని పరుస్తుంది. ఈ ఒక్క స్క్రూ తిప్పడం చేతికి వస్తే దారి పని సగం వచ్చినట్టే. దారి మధ్య కాస్త ఎత్తుగా ఉండి, నీళ్లు రెండు పక్కలకూ జారాలి.

ఆగర్‌కు పళ్లు అరిగాయేమో ముందు చూడండి. అరగకపోతే, గుంత పెట్టే చోట ముందురోజు నీళ్లు పోసి నానబెట్టండి. బరువు కోసం మనిషిని దాని మీద నిలబెట్టడం నేను కళ్లారా చూశాను. అలా ఎన్నడూ చేయవద్దు. పీటీఓ నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. 35 మిల్లీమీటర్ల షాఫ్టుకు చీర కొంగో, చొక్కా అంచో చుట్టుకుంటే సెకనుకు దాదాపు మీటరు గుడ్డను లోపలికి లాక్కుంటుంది. చెయ్యి వెనక్కి తీయాలన్న ఆలోచన వచ్చేలోపే అంతా అయిపోతుంది. షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం పగిలితే ఆ రోజే మార్చండి.

కొనే వరుస అడిగారు కాబట్టి చెబుతాను: మొదట స్లాషర్, తరువాత బాక్స్ బ్లేడు, ఆగర్‌ను అద్దెకు తెచ్చుకోండి. ఏది కొన్నా మూడు సంగతులు సరిచూడండి. పనిముట్టును తగిలించే పిన్నుల కేటగిరీ, అంటే సైజు తరగతి, మొదటిది. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ కేటగిరీ 1, కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు. పనిముట్టు పెద్ద కేటగిరీదైతే బుష్‌లు వేసి ఎలాగో తగిలించవచ్చు గాని, సాధారణంగా అలాంటి పనిముట్టు మీ బండికి మించిన బరువే అయి ఉంటుంది. రెండోది పీటీఓను పనిముట్టుకు కలిపే షాఫ్టు పొడవు. కొత్త షాఫ్టు దాదాపు ఎప్పుడూ పొడవుగానే వస్తుంది. దాన్ని కోయకుండా తగిలించి పనిముట్టును ఎత్తితే, రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి చివరిదాకా దూరి, ఇక దూరలేక గేర్‌బాక్సు బేరింగులను తోస్తాయి. ఇంజను ఆపి పనిముట్టును మెల్లగా పైకీ కిందికీ ఆడించి, ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య దూరం ఎక్కడ అతి తక్కువో ఆ స్థితిలో కొలిచి, రెండు గొట్టాలనూ సమానంగా కోయాలి. పని చేసే స్థితిలో కనీసం మూడో వంతు పొడవు ఒకదానిలో ఒకటి మిగలాలి.

మూడోది చాలామందికి తెలియక కంచెలు విరిగే సంగతి. ఒకే క్లచ్ ఉన్న పాత రకం బండిలో స్లాషర్ నడుపుతూ క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది గాని, తిరుగుతున్న బరువైన బ్లేడుకూ వెనక చక్రాలకూ ఉన్న సంబంధం తెగదు. బ్లేడు తన ఊపుతో బండిని ముందుకు నెడుతూనే ఉంటుంది. పీటీఓ షాఫ్టుకు ఒకవైపే తిరగనిచ్చే ఓవర్‌రన్నింగ్ క్లచ్ వేస్తే ఆ నెట్టుడు ఆగుతుంది. పీటీఓకు విడిగా క్లచ్ ఉన్న బండికి ఇది అక్కరలేదు. షియర్ బోల్టు తెగిందని చేతికందిన గట్టి బోల్టు బిగించడం ఇంకో పొరపాటు. రాయి తగిలినప్పుడు ముందుగా తెగిపోవడమే దాని ఉద్యోగం. అది తెగకపోతే తెగేది గేర్‌బాక్సు.

ప్రశ్న: వాడిన బండి కొంటే నష్టమా? ఏమేం చూడాలి?

జవాబు: పని గంటలు తక్కువగా ఉండి, బాగా చూసుకున్న బండి దొరికితే కొత్తదాని కన్నా నాకు అదే ఇష్టం. మిగిలిన డబ్బు పనిముట్లకు వస్తుంది. విడిభాగాలు మీకు అందేంత దూరంలో దొరుకుతాయో లేదో మాత్రం బేరానికి ముందే తేల్చుకోండి.

మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పి, వెళ్లగానే చేతితో తాకి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి అది మొరాయిస్తుందని అనుమానించాలి. గంటల మీటరు 600 చూపుతూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ చక్రం మెరుస్తుంటే, నమ్మవలసింది పెడల్‌ను. హైడ్రాలిక్ ఆయిల్ కొలకడ్డీ తీసినప్పుడు పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పితే కొద్దిగా ఆవిరి రావచ్చు గాని, పొగ పొంగుతూ వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టే. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి లేపి, మధ్య పిన్ను దగ్గర, చక్రాల దగ్గర ఎంత ఆడుతుందో చేత్తో కదిపి చూడండి. లోడర్ ఉన్న బండ్లలో ముందుగా అలిసేవి ఇవే.

చివరగా, పనిముట్టును తగిలించి పూర్తిగా పైకి లేపి, ఇంజను ఆపి, దాని కిందికి ఎవరూ వెళ్లకుండా చూసుకుని, గోడ మీద దాని ఎత్తు దగ్గర సుద్దతో గీత గీయండి. తరువాత అమ్మేవారితో ఓ పది నిమిషాలు కాగితాల సంగతి మాట్లాడి తిరిగి వచ్చి చూడండి. రెండుమూడు వేళ్లు దిగితే పాత బండికి అది మామూలే. మీరు మాట్లాడుతుండగానే పనిముట్టు నేలకు తాకి ఉంటే, సిలిండర్ సీళ్లకో, వాల్వుకో అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమని అక్కడే అడగండి.